నదికి ఇవతలనున్న సహోదరుడు

చదువవలసిన వాక్యభాగములు: సంఖ్యాకాండము 32వ అధ్యాయము, 1 సమూయేలు 30:9–25



గడచిన వానకాలమందు మన పాస్టరేటులోని ఒక గ్రామమున జరిగిన సంగతిని మొదట మీకు చెప్పవలెను. ఊరి పేరు చెప్పను. చెప్పకపోయినను కొందరు గుర్తుపట్టుదురు. గుర్తుపట్టినవారు ఇతరులకు వేలు చూపక, నాతోకూడ తమ హృదయములను పరీక్షించుకొందురుగాక.

అవి వేరుశనగ చేలలో కలుపు తీయు దినములు. ఆ ఊరి స్త్రీలు ఇరువదిమంది దినకూలి ఏబది రూపాయలు పెంచవలెనని ఒక రైతును అడిగిరి. రైతు ఒప్పుకొనలేదు. వారు మూడు దినములు చేనికి పోలేదు. నాలుగవ దినమున తెల్లవారకముందే రైతు ఆటో పంపి, రెండు మైళ్ల దూరములోనున్న మరియొక ఊరినుండి కూలివారిని పిలిపించెను. వారు పాత కూలికే కలుపు తీసిరి. ఈ ఊరి స్త్రీలు గట్టుమీద నిలువబడి చూచిరి. ఎవరును ఎవరితోను మాటాడలేదు.

రెండూళ్లవారును మన సంఘస్థులే. ఆ వచ్చిన ఆదివారము ప్రభు సంస్కారము. అందరును ఒకే బల్లయొద్దకు రావలెను. నలుగురు స్త్రీలు లేచి రాక వెనుకనే కూర్చుండిరి. ఆరాధన ముగిసిన పిమ్మట వారిలో ఒక తల్లి నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, మా నోటికాడి కూడు తీసుకున్యోళ్లతో కలిసి ఆ రొట్టె ఎట్ల తినేది? వాళ్లు చేసింది పాపమా, కాదా? ఒక్క మాట చెప్పండి" అని అడిగెను.

"ఆలోచించి చెప్పెదనమ్మా" అంటిని. అప్పటినుండి ఆలోచించుచునే యున్నాను. ఆ తల్లికి నేను ఇయ్యవలసిన జవాబే ఈ వ్యాసము.

మన భాషలో ఒక విశేషము కలదు. ప్రభువును ఆరాధించుటకు కూడుకొను సమూహమును మనము సంఘమందుము. కార్మికులు తమ న్యాయముకొరకు కూడుకొను సమూహమునకును సంఘమనియే పేరు. రెండింటికిని వచ్చు వ్యాధి కూడ ఒకటియే. ‘నా సంఘము’ అను మాటలో ‘నా’ అనునది పెరిగి, ‘సంఘము’ అనునది చిక్కిపోవుటయే ఆ వ్యాధి. ఒక సంఘము కష్టములోనున్నప్పుడు పక్క సంఘమేమి చేయవలెను? తనకు ఆ బాధ లేనప్పుడు, తన్ను ఎవరును సంప్రదింపనప్పుడు, తన బిడ్డలును ఆకలితో నున్నప్పుడు, ఏమి చేయవలెను? ఈ ప్రశ్న కలుపుచేనినుండి విమానాశ్రయమువరకు ఒకటియే.

మన జిల్లాలో గుంతకల్లు ఎరుగనివారు లేరు. మదరాసునుండి బొంబాయికి పోవు మార్గమును, బెంగుళూరు, బళ్లారి, నంద్యాల వైపుల పోవు మార్గములును అక్కడ కలియును. 1956లో అక్కడ రైల్వే డివిజను ఏర్పడెను. సంవత్సరమునకు 550 మిల్లీమీటర్ల వానయైనను నమ్మకముగా పడని ఈ పీఠభూమిలో, వాన వచ్చినను రాకున్నను నెలకు జీతము వచ్చు చోటు అదియేయని మన పెద్దలనేకులు తమ కుమారులను రైల్వే పనికి పంపిరి. కాబట్టి 1974వ సంవత్సరపు సమ్మె మన యిండ్లలో నేటికిని మరువబడలేదు.

ఆ సమ్మె మే 8వ తేదీన దేశమంతట మొదలాయెను. ఇంజనులు నడుపువారు పదునాలుగు గంటలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, నిప్పుల యెదుట నిలిచి పనిచేయుచుండిరి. వారు ఎనిమిది గంటల పనిదినము కోరిరి. ధరలు మండిపోవుచున్న కాలమది. ఇతర ప్రభుత్వ పరిశ్రమలలో ఉన్నట్లు జీతమును బోనసును రైల్వేవారికిని కావలెననిరి. అనేక సంఘములు కలిసి ఫిబ్రవరిలోనే ఒక సమన్వయ సమితిగా ఏర్పడెను. జార్జి ఫెర్నాండెజు నాయకుడు. సమ్మె మొదలగుటకు ముందే, మే 2వ తేదీన ఆయనను అరెస్టు చేసిరి. తరువాత వేలకొలది కార్మికులు చెరసాలలకు పోయిరి. అనేకుల ఉద్యోగములు పోయెను. దేశములో పలుచోట్ల కార్మికుల కుటుంబములను క్వార్టర్లనుండి వెళ్లగొట్టిరి. ఇరువది దినములు గడచిన తరువాత, మే 27న, ఏమియు దక్కకయే సమ్మెను విరమించిరి.

ఇందులో మనము గమనింపవలసినది ఒకటి కలదు. రైల్వే కార్మికులకు ఆనాడు రెండు పెద్ద ఫెడరేషనులుండెను. 1924నుండి ఉన్న అఖిల భారత రైల్వే కార్మికుల ఫెడరేషను సమ్మెలో నిలిచెను. రెండవది, అనగా పాలకపక్షమునకు దగ్గరగానున్న జాతీయ ఫెడరేషను, సమ్మెలో చేరలేదు. చేరనివారందరు పిరికివారని నేను చెప్పను. వారికిని కారణములుండెను. రైలు ఆగినయెడల ధాన్యము ఆగును, బొగ్గు ఆగును, కరవు ప్రాంతములవారు మరింత బాధపడుదురు, మాటలతో సాధింపవచ్చును అని నమ్మినవారు వారిలో కలరు. ఉద్యోగము పోవునని భయపడినవారును కలరు. సమ్మె చేసినవాని ఇంటనున్నట్లే, పనికి పోయినవాని ఇంటను చిన్నబిడ్డలుండిరి.

ఇంకొక సంగతి మన తెలుగువారు జ్ఞాపకముంచుకొనవలెను. ఆ దినములలో రాష్ట్రపతి స్థానముననున్నవారు వి.వి. గిరిగారు. రైల్వే కార్మికుల ఫెడరేషను స్థాపకులలో ఆయన ఒకరు. కేంద్రములో కార్మిక మంత్రిగా నుండి, బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వము మార్చినందుకు 1954లో ఆ పదవిని విడిచినవారు. తాను కట్టిన సంఘము నలుగుచుండగా ఆయన దేశాధిపతి భవనములోనుండెను. ఆయన హృదయములో ఏమి జరిగెనో దేవునికే తెలియును. పెద్ద స్థానము లభించినంతమాత్రమున సహోదరునికి సహాయముచేయు శక్తి పెరుగునని మనము అనుకొందుము. అది ప్రతిసారి నిజము కాదు.

1977లో ప్రభుత్వము మారిన తరువాత ఉద్యోగములు పోయినవారిలో అనేకులు తిరిగి పనిలో చేర్చుకొనబడిరి. ఆనాటి కోరికలలో ఒకటియైన బోనసు 1979–80 సంవత్సరమునకు రైల్వేవారికి వచ్చెను. వచ్చినప్పుడు, చెరసాలకు పోయినవానికొక లెక్క, డ్యూటీకి పోయినవానికొక లెక్క లేకుండెను. వాన నీతిమంతుని చేనుమీదను అనీతిమంతుని చేనుమీదను పడినట్లు అది ఇరువురికిని వచ్చెను.

మన సంఘములో ఇద్దరు అన్నదమ్ములుండిరి. ఇద్దరును రైల్వే పనివారే. 1974లో అన్న సమ్మెలో నిలిచెను. తమ్ముడు రెండవ ఫెడరేషనువాడు గనుక డ్యూటీకి వెళ్లెను. ఆ తరువాత నలుబది యేండ్లకు పైగా వారు ఒకరి యింట ఒకరు భోజనము చేయలేదు. నేను ఈ పాస్టరేటునకు వచ్చునప్పటికి ఇద్దరును పింఛనుదారులు. ఒకే గుడిలో, ఒకరు కుడి ప్రక్కను ఒకరు ఎడమ ప్రక్కను కూర్చుండెడివారు. అన్న మంచము పట్టినప్పుడు నేను వెళ్లి, "తాతా, ఇక క్షమింపరాదా?" అని అడిగితిని. ఆయన చెప్పిన మాట నేనెన్నడును మరువలేను.

"సామీ, వాడు పనికి పోయినందుకు నాకు కోపము లేదు. వాని కష్టము వానిది. ఆ ఇరవై దినాలల్ల ఒక్క పొద్దైనా మా యింటికొచ్చి, అన్నా, పిల్లోళ్లు తిన్యారా అని అడగలేదు. దానికి సామీ నా కడుపుమంట."

నేను తమ్మునియొద్దకు వెళ్లి ఆ మాట చెప్పితిని. ఆయన చాలసేపు ఊరకుండి, "పోదామనే అనుకుంటి అయ్యగారూ. పోతే వాకిలి తీస్తాడో తీయడో అని భయపడితి" అనెను. మరుసటి వారము వెళ్లుదమని ఇద్దరమును అనుకొంటిమి. ఆ వారము రాకముందే అన్న ప్రభువు పిలుపునందుకొనెను. భూస్థాపనకు తమ్ముడు వచ్చి సమాధిదొడ్డి గోడ వెలుపలనే నిలిచెను.

ఇది రైలుకు మాత్రమే సంబంధించినది కాదు. విమానములు నడుపువారు గొప్ప చదువులు చదివి, గొప్ప జీతములు పొందువారు. వారిలోను ఇదే కథ. 2007లో మన దేశపు రెండు ప్రభుత్వ విమాన సంస్థలైన ఎయిరిండియాను ఇండియన్ ఎయిర్‌లైన్సును ఒకటిగా కలిపిరి. సంస్థలు కలిసెనుగాని పైలట్ల సంఘములు రెండుగానే మిగిలెను. 2011 ఏప్రిలు చివర పాత ఇండియన్ ఎయిర్‌లైన్సు పైలట్లు తమకును సమాన జీతము కావలెనని పని నిలిపిరి. మే 6న ఆ సమ్మె ముగిసెను. మరుసటి సంవత్సరము మే నెలలో పాత ఎయిరిండియా పైలట్లు పని నిలిపిరి. వారి ఫిర్యాదులలో ముఖ్యమైనదేమనగా, కొత్తగా రానున్న బోయింగు 787 విమానముల శిక్షణను రెండవ సంఘమువారికిని ఇచ్చుచున్నారని. అది 58 దినములు సాగి 2012 జూలై 3న ముగిసెను. చూడుడి, ఒక ఏట ఒకరు, మరుసటి ఏట మరియొకరు. ఒకరి కోరిక రెండవవారితో సమానత్వము. రెండవవారి బాధ మొదటివారికి దొరకిన అవకాశము. యజమానుడు ఒక్కడే యైనను, కూలివారు ఒకరినొకరు కొలుచుకొనుచుండిరి.

అమెరికాలో 2005 ఆగస్టు 20న నార్తువెస్టు అను విమాన సంస్థలో యంత్రములు బాగుచేయువారును శుభ్రపరచువారును సుమారు 4,400 మంది సమ్మె కట్టిరి. పైలట్లు, విమానములో సేవచేయువారు, సామాను మోయువారు తమ తమ సంఘములలోనుండి పనికి వెళ్లిరి. సంస్థ ముందుగానే వేరే పనివారిని సిద్ధపరచుకొనియుండెను. విమానములు ఎగిరెను, సమ్మె ఓడిపోయెను. ఇతర సంఘములు ఎందుకు తోడు నిలువలేదు? కొన్ని యేండ్లకు ముందు ఆ యంత్రపనివారు, మేము నేర్పుగల పనివారము, మోతపనివారితో మాకేమని, అందరి సంఘమునుండి వేరుపడి తమ సంఘమును తాము కట్టుకొనిరి. "మమ్మును విడిచిపోయినవారికొరకు మేమేల నష్టపోవలెను?" అని మిగిలినవారు అనుకొనిరి. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. అయితే నెలరోజులు తిరుగకముందే, సెప్టెంబరు 14న, ఆ సంస్థ దివాలా రక్షణ కోరెను. తరువాత పనికి వెళ్లిన పైలట్ల జీతములును, సేవచేయువారి జీతములును తగ్గింపబడెను. సహోదరుని యింటికి అంటుకొన్న నిప్పును, అతడు మనకు నీళ్లిచ్చినవాడు కాడని చూచుచుండినయెడల, ఆ నిప్పు మన కప్పును ఎరుగదా?

ఇప్పుడు వాక్యమునకు వత్తము.

రూబేనీయులకును గాదీయులకును మందలు విస్తారముగా నుండెను. యొర్దానుకు తూర్పుననున్న యాజెరు, గిలాదు ప్రదేశములు మందలకు తగినవని వారు చూచిరి. "మాకు ఇదియే చాలును, మమ్మును నది దాటింపవద్దు" అని మోషేను వేడుకొనిరి. వారి కోరిక తీరినది. వారి పచ్చిక వారికి దొరకినది. మిగిలిన గోత్రములకు ఇంకను భూమి లేదు, ముందు యుద్ధమున్నది. అప్పుడు మోషే, సహోదరులు యుద్ధమునకు పోవుచుండగా మీరు ఇక్కడ కూర్చుండవచ్చునా యని వారిని గద్దించెను.

ఈ అధ్యాయములో మనము నేర్చుకొనవలసినవి నాలుగు కలవు.

మొదటిది, మోషే వారి పచ్చికను తీసివేయలేదు. నీ సహోదరునికి లేదు గనుక నీకును ఉండకూడదని ఆయన అనలేదు. ముందుగా కోరిక తీరినవాడు దోషి కాడు. తీరిన తరువాత కూర్చుండిపోవుటయే దోషము.

రెండవది, వారు తమ చిన్నపిల్లలను ప్రాకారములుగల పురములలో ఉంచి, పశువులకు దొడ్లు కట్టి, అటుతరువాత దాటిరి. పిల్లలను ఎండలో విడిచి యుద్ధమునకు రమ్మని దేవుడు అడుగలేదు. సహోదరునికి తోడు నిలువుమని చెప్పువాడు, తోడు నిలుచువాని బిడ్డల కూటిని గూర్చియు ఆలోచింపవలెను.

మూడవది, ఆ తోడునకు ఒక హద్దు కలదు. సహోదరులు తమ స్వాస్థ్యము పొందువరకే వారు నిలువవలెను, పొందిన తరువాత నిరపరాధులై తిరిగి రావచ్చును. వారు ఆ ప్రకారమే చేసిరి. యెహోషువ గ్రంథము 4వ అధ్యాయములో వారు యుద్ధసన్నద్ధులై ముందుగా దాటుట చూతుము. 22వ అధ్యాయములో దీవెన పొంది యింటికి వచ్చుట చూతుము.

నాలుగవది మనము ఎక్కువగా మరచునది. పాపము దాగదు, చేసినవానిని అది వెదకి పట్టుకొనును అను హెచ్చరికను మనము ఎన్నోమారులు విన్నాము. దొంగతనమునకు, త్రాగుడునకు, రహస్యమైన అపవిత్రతకు వ్యతిరేకముగా నేనును దానిని బోధించితిని. అయితే ఆ మాట ఎవరితో చెప్పబడినదో 23వ వచనములో చూడుడి. దొంగతో కాదు, వ్యభిచారితో కాదు. సహోదరునికి తోడు రాక యింట కూర్చుండదలచిన మంచి కాపులతో చెప్పబడినది! ఇన్ని సంవత్సరములు ఆ వాక్యమును ఇతరులమీదికి విసరి, అది నాయొద్దకు వచ్చినదని నేను గుర్తింపనైతిని.

అయ్యో, ఇంకొక మాట కూడ చెప్పవలెను. న్యాయాధిపతుల గ్రంథము 5వ అధ్యాయములో దెబోరా దినములయందు రూబేను గోత్రము మరల కనబడుచున్నది. ఈమారు వారు యుద్ధమునకు రాలేదు. వారి హృదయములలో ఆలోచనలు గొప్పగా నుండెనుగాని, కాళ్లు మందల దొడ్లమధ్యనే నిలిచిపోయెను. గిలాదువారును నదికి ఇవతలనే యుండిరి. తాతలు దాటిన నదిని మనుమలు దాటలేదు. సహోదర ప్రేమ ఆస్తివలె వారసత్వముగా రాదు. ప్రతి తరమును తన కాళ్లతో దాటవలసినదే.

అయితే దాటనివారందరును ఒకటియేనా? ఇక్కడ రెండవ వాక్యభాగము మనకు సహాయపడును. దావీదు అమాలేకీయులను తరుముచు పోవునప్పుడు అతనితో ఆరువందలమంది యుండిరి. బెసోరు వాగునొద్ద ఇన్నూరుమంది అలసి సొమ్మసిల్లి దాటలేకపోయిరి. నన్నూరుమంది పోయి గెలిచి వచ్చిరి. వారిలో దుష్టులు కొందరు, రానివారికి దోపుడుసొమ్ములో పాలు ఇయ్యమనిరి. దావీదు ఒప్పుకొనలేదు. యుద్ధమునకు పోయినవానికిని సామానునొద్ద నిలిచినవానికిని సమాన భాగమని కట్టడ చేసెను. కావున దాటలేనివాడు వేరు, దాటనొల్లనివాడు వేరు. బెసోరువద్ద ఆగినవానిని మేరోజువానివలె శపించుట పాపము. పచ్చికలో కూర్చున్నవానిని బెసోరువద్ద అలసినవానివలె ఓదార్చుటయు తప్పే.

2019 అక్టోబరు 5నుండి 52 దినములు తెలంగాణ ఆర్టీసీ కార్మికులు సుమారు 48 వేలమంది సమ్మెలో నిలిచిరి. ఆ దినములలో తాత్కాలిక డ్రైవర్లతోను కండక్టర్లతోను బస్సులు నడిపిరి. ఆ సీటులో కూర్చున్న యౌవనస్థుని తలచుకొనుడి. లైసెన్సు చేతనుండి ఎన్నో నెలలు పని లేనివాడు, ఇంట రోగియైన తల్లి గలవాడు అట్టివారిలో ఉండడా? వానికి ఆ దినపు కూలి వరము. సమ్మెలోనున్నవానికి అది కత్తిపోటు. ఇద్దరు బీదలను ఎదురెదురుగా నిలువబెట్టి తాను ప్రక్కకు తప్పుకొను ఏర్పాటు దేవుని యెదుట లెక్క చెప్పవలెను. కూలివాని కూలి బిగబట్టినయెడల ఆ మొర ప్రభువు చెవులను చేరునని యాకోబు తన పత్రిక 5వ అధ్యాయములో వ్రాసెను.

అట్లయిన ప్రతి సమ్మెయు పరిశుద్ధ యుద్ధమా? కాదు. దొంగలలోను ఐకమత్యము కలదు. అడుగుచున్నది న్యాయమైన కూలియా, లేక రెండవవానికి అందకుండ చేయుటయా? ఆ కోరికలో అందరికంటె అల్పుడైన పనివానికి, కాంట్రాక్టు కూలివానికి, ఊడ్చుదానికి చోటు కలదా? మాటలతో సాధింపగలిగినంత ప్రయత్నించిరా? రోగికిని పసివానికిని హాని కలుగకుండ జాగ్రత్తపడిరా? ఈ ప్రశ్నలు అడుగుటకు పక్క సంఘమువానికి హక్కు కలదు. అడిగి, ఆలోచించి, "ఈ విషయములో నేను రాలేను" అనువానిని నేను ద్రోహి యనను. కాని వాడు ఆ మాటను సహోదరుని యింటికి వెళ్లి ముఖాముఖిగా చెప్పవలెను. వాని పిల్లలు తినిరా లేదా యని అడుగవలెను. అది చేయుటకు ఏ ఫెడరేషను అనుమతియు అక్కరలేదు.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వత్తము. పక్క ఊరి స్త్రీలు చేసినది పాపమా?

నేను ఆ ఊరికి వెళ్లి వారితో కూర్చుంటిని. ఆటో ఎక్కినవారిలో ఒక విధవరాలు కలదు. గ్రూపులోనుండి తీసిన అప్పునకు ఆ సోమవారము కంతు కట్టవలెను. మరియొకామె బిడ్డకు జ్వరము. కూలి తగాదా సంగతి దిగిన తరువాతగాని వారికి తెలియలేదు. "మాకెవరైనా చెప్పినారా అయ్యా? రెండు మైళ్లు నడిచి వచ్చి, అక్కా మీరు రావద్దు అని ఒక్కరైనా అడిగినారా?" అని వారు నన్ను అడిగిరి. నెహెమ్యా యెరూషలేము గోడ కట్టునప్పుడు పని విస్తారమై మనుష్యులు దూరదూరముగా నుండిరి గనుక, బూరధ్వని వినబడినచోటికి అందరును కూడవలెనని ముందుగానే నిర్ణయించెను. మన స్త్రీలు బూర ఊదలేదు. ఊదకయే, రాలేదని కోపపడిరి.

కాబట్టి అమ్మా, నా జవాబు ఇది. ఆ విధవరాలు బెసోరు వాగునొద్ద అలసినది. ఆమెయందు నేను పాపము మోపలేను. సంగతి తెలిసిన తరువాత రెండవ దినమును మూడవ దినమును ఆటో ఎక్కినవారు, ఇంట గింజలున్నవారు, తమ్మును తాము దేవునియెదుట పరీక్షించుకొనవలెను. నీవును నీతోటివారును వారిని పిలువకపోయిన తప్పును ఒప్పుకొనవలెను. రైతును నేను రాక్షసుని చేయను. బోరు ఎండి, అప్పు పెరిగి, ఆయనయు నిద్రలేని రాత్రులు గడుపుచున్నాడు. అయినను తన నష్టమును తనకంటె బీదవారి నడుముమీద మోపుట న్యాయము కాదు.

ఇక మిగిలినది నేను. రెండూళ్లవారును నా మందయే. తగాదా మొదటి దినముననే నాకు తెలియును. నేను పక్క ఊరికి సైకిలుమీద పోయియుంటే అరగంట పట్టునంతే. పోలేదు. ఎందుకు? ఆ రైతు మన గుడి కప్పునకు రేకులు ఇచ్చినవారు. ఆయనకు బాధ కలుగునని ఊరకుంటిని. కాపరి ఇరుపక్షములలో చేరరాదని నాకు నేను చెప్పుకొంటిని. అది వివేకమని అనుకొంటిని. ఇప్పుడు చూడగా అది పచ్చిక. నా మందల దొడ్లమధ్య నేనును కూర్చుంటిని. బల్లయొద్దకు రాక వెనుక కూర్చున్న ఆ నలుగురికంటె, వడ్డించుచు నిలిచిన నేనే ముందుగా ఆగవలసినవాడను.

సహోదరీ సహోదరులారా, ఒప్పుకొనుట చాలదు. రెండూళ్ల స్త్రీలును సంస్కారపు ఆదివారమునకు ముందు శనివారము గుడి అరుగుమీద కూడి మాటాడుటకు ఒప్పుకొనిరి. వచ్చే వానకాలమునకు ముందే కూలి ఎంత అడుగవలెనో కలిసి నిర్ణయించుకొని, రైతులతో మర్యాదగా మాటాడవలెనని ఆలోచన. మనము ప్రతిదినము వంటకు ముందు తీయు పిడికెడు బియ్యములో ఒక పాలు, అట్టి దినములలో పొయ్యి వెలుగని యింటికొరకు ప్రత్యేకముగా ఉంచుదమని స్త్రీల సమాజమువారు అడుగుచున్నారు. చిన్నపిల్లలకు ప్రాకారముగల పురమనగా మన పేద సంఘములో అదియే. ఆ డబ్బా నిండియున్నయెడల ఆ విధవరాలికి ఆటో ఎక్కవలసిన అవసరముండదు.

నేనును ఆ రైతు యింటికి వెళ్లి ఈ మాటలు ఆయనతో చెప్పవలెను. ఇంకను వెళ్లలేదు. ఈ పత్రిక మీ చేతికి వచ్చులోగా వెళ్లెదను. ఆయన వాకిలి తీయునో లేదో యని నాకును భయమే. కాని సమాధిదొడ్డి గోడ వెలుపల నిలిచిన ఆ వృద్ధుని ముఖము నా కన్నులయెదుట నున్నది. రేపు పోవుదమనుకొని నేను ఒకసారి ఆలస్యము చేసితిని. మరల చేయను.

మనకొరకు మహిమను విడిచి, దాటవలసిన అవసరము లేకయే దాటివచ్చిన ప్రభువు, సహోదరుని వైపునకు మన కాళ్లను నడిపించునుగాక. ఆమేన్.

ఈ నెల కుటుంబ ప్రార్థనలలో ఆలోచించుటకు:

1. నా కోరిక తీరిన తరువాత నేను మరచిన సహోదరుడు ఎవరు?

2. నేను నిందించుచున్నవాడు దాటలేనివాడా, దాటనొల్లనివాడా? ఆ సంగతి నేను అతనిని అడిగితినా?

3. నా వీధిలో పనిలేక యున్న యింటికి ఈ వారము వెళ్లి, పిల్లలు తినిరా యని అడిగితినా?